బెనిన్‌లో 28వ సంతకం: ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

పశ్చిమాఫ్రికా దేశం బెనిన్‌లో అధ్యక్ష పదవికి పోటీ పడాలంటే ఓటర్ల కంటే ముందు ఎంపీలు, మేయర్లను ఒప్పించాలి. 2024 ఎన్నికల చట్టం ప్రకారం వాళ్లలో 15 శాతం మంది అభ్యర్థిని బలపరుస్తూ సంతకం చేయాలి. ఎంపీలు 109, మేయర్లు 77, మొత్తం 186 మంది. 15 శాతమంటే 27.9, కాబట్టి 28 సంతకాలు. ఎవరైనా ఒక్క అభ్యర్థినే బలపరచగలరు. ప్రధాన ప్రతిపక్షం ‘లే డెమోక్రాట్’కు 2023 ఎన్నికల్లో దక్కినవి సరిగ్గా 28 సీట్లు. మేయర్లు ఒక్కరూ లేరు. 2025 అక్టోబరులో వాళ్ల ఎంపీ ఒకరు వెనక్కి తగ్గారు. అంతే, ఆ పార్టీ అభ్యర్థి బరిలో లేకుండా పోయారు.

ఇదే దేశం ఒకప్పుడు చుట్టుపక్కల వాళ్లకు ఆదర్శం. 1972లో సైనిక తిరుగుబాటుతో గద్దెనెక్కిన కెరెకు పాలనలో 1989 నాటికి బ్యాంకులు కుప్పకూలాయి, ఉద్యోగులకు జీతాలు ఆగిపోయాయి. 1990 ఫిబ్రవరిలో కొటోనూలో జరిగిన జాతీయ సమావేశం తనదే సర్వాధికారమని ప్రకటించుకుంది. ఆ డిసెంబరులో రెఫరెండంతో కొత్త రాజ్యాంగం వచ్చింది: అధ్యక్షుడికి అయిదేళ్ల పదవి, గరిష్ఠంగా రెండుసార్లు. 1991 ఎన్నికల్లో ఓడిన కెరెకు మారుమాట లేకుండా దిగిపోయారు.

ఈ రాజ్యాంగానికి కాపలా ఏడుగురు సభ్యుల రాజ్యాంగ న్యాయస్థానం. 2006లో ఎంపీలు తమ పదవీకాలాన్ని నాలుగేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచుకుంటే, జాతీయ ఏకాభిప్రాయం లేదంటూ అది కొట్టేసింది. అయితే నలుగురిని అసెంబ్లీ కార్యవర్గం, ముగ్గురిని అధ్యక్షుడు నియమిస్తారు. రెండూ ఒకే వర్గం చేతిలో పడితే ఏడుగురూ ఆ వర్గం ఎంపికే. అసలు బలహీనత ఇక్కడే ఉంది.

2016లో అధ్యక్షుడిగా గెలిచిన పాత్రిస్ టాలోన్ మరుసటి ఏడాదే రాజ్యాంగ సవరణకు దిగారు. బిల్లు చర్చకు రావాలన్నా అప్పటి 83 మంది ఎంపీల్లో 63 మంది ఒప్పుకోవాలి, 60 మందే ఒప్పుకున్నారు. మూడు ఓట్ల లోటు. ఆ తర్వాత మారింది రాజ్యాంగం కాదు, ఎన్నికల నిబంధనలు. 2018 చట్టం పార్లమెంటు ఎన్నికల్లో పార్టీ అభ్యర్థుల జాబితాకు కట్టాల్సిన డిపాజిట్‌ను సుమారు 25 కోట్ల సీఎఫ్‌ఏ ఫ్రాంకులకు పెంచి, సీట్లు దక్కాలంటే దేశవ్యాప్తంగా 10 శాతం ఓట్లు రావాలంది. ప్రతి పార్టీకీ కొత్త చట్టానికి లోబడినట్టు ధ్రువపత్రం ఉండాల్సిందేనని 2019 ఫిబ్రవరిలో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. అప్పట్లో ఆ న్యాయస్థానానికి నేతృత్వం వహించినవాడు టాలోన్‌కు పూర్వపు న్యాయవాది, ఆయన ప్రభుత్వంలో న్యాయమంత్రిగా చేసినవాడు. ఏప్రిల్ పార్లమెంటు ఎన్నికల బ్యాలెట్‌పై మిగిలినవి రెండే పార్టీలు, రెండూ టాలోన్‌వైపువే. ఓటేసినవాళ్లు దాదాపు 27 శాతం.

2017లో దొరకని ఆ మూడు ఓట్లకు ఇక కొరత లేదు. 2019 నవంబరులో అలా ఎన్నికైన సభే రాజ్యాంగాన్ని సవరించి బలపరిచే సంతకాల నిబంధన తెచ్చింది. మొదట 10 శాతం, అప్పటి 160 మంది ఎంపీలు, మేయర్లలో 16. 2024లో దాన్ని 15 శాతం చేశారు.

2025 నవంబరు సవరణ అధ్యక్షుడి పదవీకాలాన్ని ఏడేళ్లకు పెంచి, కొత్తగా సెనెట్‌ను చేర్చింది. అసెంబ్లీలో అయిదింట నాలుగు వంతుల మద్దతుంటే, అంటే 88 ఓట్లు పడితే, రెఫరెండం అక్కర్లేదు. 90 పడ్డాయి.