డీజీ డిక్లరేషన్‌లో ఆ ఒక్క లైను: అపోహలు - వాస్తవాలు

ఓడ ఎక్కిన డ్రమ్ములో ఏముందో అక్కడ ఎవరూ మూత తీసి చూడరు. కంటెయినర్‌ను ఎక్కడ పెట్టాలి, దేనికి దూరంగా ఉంచాలి, మంటలొస్తే దేంతో ఆర్పాలి అన్నవన్నీ డీజీ (డేంజరస్ గూడ్స్, అంటే ప్రమాదకర సరుకుల) డిక్లరేషన్‌లో రాసిన ఒక్క లైను చూసే తేలుస్తారు. హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కల నుంచి సాల్వెంట్లు, యాసిడ్లు సముద్ర మార్గంలో పంపేవారు ఈ అపోహల దగ్గర జాగ్రత్త పడాలి.

అపోహ: అందరికీ తెలిసిన పేరు రాస్తే చాలు.

'థిన్నర్', 'బ్లీచింగ్ పౌడర్' బజారు పేర్లు. ఐఎండీజీ కోడ్ (ప్రమాదకర సరుకుల సముద్ర రవాణాకు అంతర్జాతీయ నిబంధనావళి) జాబితాలో ఉన్న పేరే రాయాలి. పెయింట్ థిన్నర్ అయితే యూఎన్ (ప్రమాదకర పదార్థాలకు ఐక్యరాజ్యసమితి ఇచ్చే నంబరు) 1263, పెయింట్ రిలేటెడ్ మెటీరియల్. బ్లీచింగ్ పౌడర్‌కైతే ముందు అందులో లభ్యమయ్యే క్లోరిన్ ఎంతో చూడాలి. పొడి మిశ్రమంలో 10 శాతం దాటి 39 శాతం లోపు ఉంటే యూఎన్ 2208, 39 దాటితే యూఎన్ 1748. హైడ్రేటెడ్ (నీరు కలిసిన), కరోసివ్ (తినేసే) రకాలకు నంబర్లు వేరు. ఈ సరుకు వేడెక్కితే తనంతట తానే విచ్ఛిన్నమై ఆక్సిజన్ వదులుతుంది, పక్కనున్న మంటకు బలమిస్తుంది. దాన్ని 'వాటర్ ట్రీట్‌మెంట్ కెమికల్' అని రాసి పంపితే వేడి తగిలే చోటే పెట్టేయవచ్చు. ఓడ సిబ్బంది ప్రాణాలతో చెలగాటం అది. బ్రాండ్ పేరు కావాలంటే అదనంగా రాసుకోవచ్చు, అసలు పేరుకు బదులుగా మాత్రం కాదు.

అపోహ: ఎస్‌డీఎస్ (సేఫ్టీ డేటా షీట్) 14వ సెక్షన్‌లోని రవాణా వివరాలు దించేస్తే సరి.

అది మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతే. మిథనాల్‌నే తీసుకోండి. అమెరికా లోపలి రవాణాకు దాన్ని క్లాస్ 3 (మండే ద్రవం)గా మాత్రమే చూపడానికి వీలుంది. అక్కడి ఎస్‌డీఎస్ చూసి అలాగే రాస్తే సముద్ర రవాణాకు తప్పు. ఇక్కడ ఉండాల్సింది ఇది:

యూఎన్ 1230, మిథనాల్, 3 (6.1), పీజీ 2

బ్రాకెట్‌లోని 6.1 అంటే విషపదార్థం కూడా అని. అది రాయకపోతే ఆహార పదార్థాల నుంచి దూరం పాటించాలన్న సంగతి ఓడలో సరుకు ఎక్కడ పెట్టాలో తేల్చే ప్లానర్‌కు తెలియదు. వరస కూడా ఇదే: నంబరు, పేరు, క్లాసు, ఉప ప్రమాదం, ప్యాకింగ్ గ్రూపు (పీజీ). మధ్యలో వేరే సమాచారం దూర్చకూడదు. ఫ్లాష్ పాయింట్ (ద్రవం ఆవిరికి నిప్పంటుకునే కనీస ఉష్ణోగ్రత) 60 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువైతే, క్లోజ్డ్ కప్ (మూసిన పాత్రలో కొలిచిన) విలువ ఆ తర్వాత రాయాలి.

అపోహ: ఏ పేరూ కుదరకపోతే, లేదా వెతికే ఓపిక లేకపోతే, 'ఫ్లేమబుల్ లిక్విడ్, ఎన్.ఓ.ఎస్.' రాసేయొచ్చు.

 ఎన్.ఓ.ఎస్. (నాట్ అదర్‌వైజ్ స్పెసిఫైడ్, అంటే జాబితాలో వేరే పేరు లేనిది) చివరి మెట్టు. సొంత పేరున్న పదార్థం ఆ పేరుతోనే వెళ్లాలి: టోలుయిన్ ఒక్కటే అయితే యూఎన్ 1294. ఇథనాల్, ఐసోప్రొపనాల్ కలిపిన మిశ్రమానికి యూఎన్ 1987, ఆల్కహాల్స్, ఎన్.ఓ.ఎస్. ఉంది కాబట్టి యూఎన్ 1993 (ఫ్లేమబుల్ లిక్విడ్, ఎన్.ఓ.ఎస్.) దాకా పోనక్కర్లేదు. అసిటోన్, టోలుయిన్ మిశ్రమానికి అయితే 1993 సరైనదే. కానీ బ్రాకెట్‌లో (అసిటోన్, టోలుయిన్) అని సాంకేతిక నామం ఉండాలి. జాబితాలో ప్రత్యేక నిబంధన 274 కనబడితే ఇది తప్పనిసరి. ప్రమాదానికి ప్రధాన కారణమైన రెండు పదార్థాల పేర్లు చాలు. 'సాల్వెంట్ మిక్స్ ఎ-20' లాంటి కంపెనీ కోడ్ పెడితే చెల్లదు. ఆ మిశ్రమంలో విషపదార్థంగా లెక్కకు వచ్చేంత మిథనాల్ ఉంటే నంబరే మారి యూఎన్ 1992 అవుతుంది.

అపోహ: ప్యాకింగ్ గ్రూపు లాంఛనం.

ప్రమాద తీవ్రతను చెప్పి (1 అత్యధికం, 3 తక్కువ) డ్రమ్మును నిర్ణయించేదే అది. క్లాస్ 3లో ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీల లోపు ఉండి, మరగడం 35 డిగ్రీలు దాటాక మొదలైతే గ్రూపు 2. ఫ్లాష్ పాయింట్ 23 నుంచి 60 దాకా అయితే గ్రూపు 3. డ్రమ్ము మీది యూఎన్ ముద్రలో ఎక్స్ ఉంటే మూడు గ్రూపులకూ, వై ఉంటే 2, 3కు, జడ్ ఉంటే 3కు మాత్రమే. గ్రూపు 2 సరుకును పొరపాటున 3 అని రాస్తే జడ్ డ్రమ్ములో నింపే ప్రమాదం ఉంది.

అపోహ: యాసిడ్ యాసిడే, శాతంతో పనిలేదు.

68 శాతం నైట్రిక్ యాసిడ్ యూఎన్ 2031, 8 (5.1), గ్రూపు 2. ఇక్కడ 8 అంటే తినేసే పదార్థం, 5.1 అంటే ఆక్సిడైజర్, మంటకు బలమిచ్చేది. 60 శాతమైతే అదే నంబరు, 8 మాత్రమే. 65 శాతం నుంచి అది ఆక్సిడైజర్ కూడా. 70 దాటితే గ్రూపు 1.

అపోహ: ఖాళీ డ్రమ్ములకు డిక్లరేషన్ దేనికి?

కడగని డ్రమ్ములో ఆవిరి మిగిలే ఉంటుంది. పేరుకు ముందో తర్వాతో 'ఎంప్టీ అన్‌క్లీన్డ్' లేదా 'రెసిడ్యూ లాస్ట్ కంటెయిన్డ్' అని రాయాలి.

అపోహ: సీహెచ్‌ఏ (కస్టమ్స్ హౌస్ ఏజెంట్) చూసుకుంటాడు.

వర్గీకరణ, వర్ణన సరైనవని ధ్రువీకరించేది సరుకు పంపేవారే. ఫారం నింపేవారు మీరిచ్చిన సమాచారాన్నే దించుతారు.

అపోహ: కొబ్బరి చిప్పల బొగ్గుకు ల్యాబ్ సర్టిఫికెట్ ఉంటే హజార్డస్ కాదు.

ఇది 2025 చివరిదాకా నిజమే. స్వయంగా వేడెక్కే పరీక్షలో నెగ్గితే మినహాయింపు ఉండేది. ఐఎండీజీ కోడ్ 42-24 సవరణ 2026 జనవరి 1 నుంచి తప్పనిసరి కావడంతో ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఇలాంటి బొగ్గంతా యూఎన్ 1361, కార్బన్, క్లాస్ 4.2 (తనంతట తానే వేడెక్కి మండే పదార్థం)గానే వెళ్లాలి. పత్రంలో తయారైన తేదీ, ప్యాక్ చేసిన తేదీ, ప్యాక్ చేసిన రోజు బొగ్గు ఉష్ణోగ్రత ఉండాలి. ఆ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటకూడదు. ప్యాకింగ్‌కు ముందు కప్పు కింద, గాలి ఆడేలా కనీసం 14 రోజులు ఆరబెట్టడం ఒక పద్ధతి. కంటెయినర్ పైకప్పుకూ సరుకుకూ మధ్య 30 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. పాత ఫారాలనే వాడుతున్నవారు ఆ రెండు తేదీలకూ, ఉష్ణోగ్రతకూ చోటు చేర్చుకోండి.