ఒకే పుట్టినరోజుకు మూడు రాశులు ఎందుకు?

శ్రీకాకుళంలో సంబంధం మాట్లాడుకునేటప్పుడు ఇప్పటికీ ముందు అడిగేది రాశి, నక్షత్రమే. అదే ఇంట్లో 2000 జనవరి 25న పుట్టిన అమ్మాయి ఫోన్‌లో చూసుకుని తనది అక్వేరియస్ అంటుంది, చైనా లెక్కలో డ్రాగన్ అంటుంది. పంతులుగారు రాసిచ్చిన కాగితంలో ఇంకేదో ఉంటుంది. ఏది నిజమని వాదన మొదలవుతుంది. ఈ మూడు పద్ధతులూ కొలిచేది ఒకే దాన్ని కాదు. అది తెలిస్తే సగం గొడవ తీరిపోతుంది.

సూర్యుడు ఏడాది పొడవునా నడిచే దారిని ముప్పై డిగ్రీల చొప్పున పన్నెండు భాగాలు చేసింది బాబిలోనియా వాళ్లు, క్రీ.పూ. 5వ శతాబ్దం ప్రాంతంలో. వాళ్ల నుంచి గ్రీకులకు, గ్రీకుల నుంచి మనకు ఆ విభజన అందింది. మన దగ్గర అప్పటికే నక్షత్రాల లెక్క ఉంది, రాశులు వచ్చి దానితో కలిశాయి. యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం తెలిసినవాళ్లు కాబట్టి ఋషుల్లా పూజ్యులేనని 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పాడు. విద్య ఎక్కడి నుంచి వచ్చినా గౌరవించిన ఆ మనసు నాకు చాలా ఇష్టం.

మరి తేడా ఎక్కడ? పగలు, రాత్రి సమానమయ్యే మార్చి రోజు నుంచి మేషాన్ని లెక్కపెట్టే పద్ధతిని క్రీ.శ. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఖగోళ పండితుడు టాలమీ స్థిరపరిచాడు. పాశ్చాత్యులది నేటికీ అదే. మన పంచాంగం నక్షత్రాలను పట్టుకుని నడుస్తుంది. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల ఈ రెండింటి మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ ఎడం పెరుగుతుంది. ఇప్పుడది 24 డిగ్రీల దాకా వచ్చింది. అందుకే వాళ్ల మకరం డిసెంబర్ 21, 22 తేదీల్లో మొదలైతే మన మకర సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లో వస్తుంది. ఆ అమ్మాయి పుట్టిన రోజున సూర్యుడు వాళ్లకు కుంభంలో, మనకు మకరంలో ఉన్నాడు. పైగా పంతులుగారు చెప్పేది సూర్యుడి రాశి కాదు, చంద్రుడిది. చంద్రుడు రెండుంపావు రోజులకే రాశి మారతాడు కనుక పుట్టిన టైమ్ కూడా కావాలి.

ఇదంతా మన అరసవల్లి సూర్యదేవాలయంలోనే కనబడుతుంది. మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబర్ 1, 2 తేదీల్లో ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. ఆ రెండుసార్లూ సూర్యుడు తూర్పున దాదాపు ఒకే చోట ఉదయిస్తాడు. అది ఋతువుల లెక్క, అంటే టాలమీ పట్టుకున్న లెక్కే. అదే గుడిలో రథసప్తమి మాత్రం మాఘ శుద్ధ సప్తమికి, చంద్రుడి తిథిని బట్టి జరుగుతుంది.

పుట్టిన తేదీ ఒక్కటే చూసే ఫలాలు పేపర్లోకి వచ్చింది ఈమధ్యే. 1930 ఆగస్టులో లండన్ సండే ఎక్స్‌ప్రెస్‌లో జ్యోతిష్కుడు ఆర్.హెచ్. నేలర్ బ్రిటన్ యువరాణి మార్గరెట్ జాతకం రాశాడు, ఆ తర్వాత అలాంటి శీర్షికలు పాకిపోయాయి. మన వారఫలాలు చాలావరకు చంద్రరాశివి. అక్వేరియస్ అనుకుని కుంభరాశి ఫలం చదివితే వేరేవాళ్లది చదివినట్టే.

చైనా పద్ధతి ఆకాశంలో సూర్యుడు ఏ భాగంలో ఉన్నాడో అడగదు, ఏ ఏడాదో అడుగుతుంది. ఎలుకతో మొదలై పందితో ముగిసే పన్నెండు జంతువులు. 1975లో చైనాలోని షుయిహుడి దగ్గర చిన్ రాజవంశ కాలపు సమాధిలో దొరికిన వెదురు బద్దల మీద ఇలాంటి జాబితా ఉంది, కొన్ని జంతువులు మాత్రం వేరు. వాళ్ల కొత్త సంవత్సరం జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య వస్తుంది. 2000లో అది ఫిబ్రవరి 5న వచ్చింది. కాబట్టి మన అమ్మాయి డ్రాగన్ కాదు, కుందేలు.

జంతువులకు తోడు పంచభూతాల్లాంటి అయిదు తత్వాలు కలిసి వాళ్ల చక్రం కూడా, మన ప్రభవ నుంచి అక్షయ దాకా ఉన్నట్టే, అరవై ఏళ్లకు తిరుగుతుంది. 1966 వాళ్లకు అగ్ని గుర్రం, మనకు పరాభవ. ఆ ఏడాది పుట్టిన ఆడపిల్ల భర్తకు కీడని జపాన్‌లో నమ్మడంతో అక్కడ జననాలు ముందు ఏడాది కంటే దాదాపు పాతిక శాతం పడిపోయాయి. మన దగ్గర మూల నక్షత్రం పిల్ల అని సంబంధం వెనక్కి వెళ్లడం కూడా ఇదే భయం. 2026లో మళ్లీ అగ్ని గుర్రం, మళ్లీ పరాభవ. ఈ ఏడాది పుట్టే ఆడపిల్లలను ఆ పేర్లతో తూచకూడదని వాళ్లింటి పెద్దలకు ఇప్పుడే చెప్పాలి.