బ్రిజిడ్ సెలవు వెనక బావులు, కొండలు, నిషేధాలు

2023 ఫిబ్రవరి 6, సోమవారం నాడు ఐర్లండ్‌లో ఆ దేశపు పాలక పునీతుల్లో (దేశానికి అండగా ఉంటారని నమ్మే పునీతుల్లో) ఒకరైన బ్రిజిడ్ పేరు మీద మొదటిసారి ప్రభుత్వ సెలవు ఇచ్చారు. ఆ దేశంలో ఒక స్త్రీ పేరుతో వచ్చిన తొలి సెలవు అదే. ఇప్పుడు ఫిబ్రవరి 1 శుక్రవారం పడితే ఆ రోజే సెలవు, లేకపోతే ఆ నెల మొదటి సోమవారం. డబ్లిన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగువాళ్లకు కూడా అది లాంగ్ వీకెండే. ఇంకో పాలక పునీతుడు పాట్రిక్ పండుగ, మార్చి 17కి, 1903లోనే సెలవు దక్కింది. బ్రిజిడ్ మాత్రం మరో 120 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. ఆమె పేరుతో సెలవు కోసం హెర్‌స్టోరీ అనే సంస్థ కొన్నేళ్లు ప్రచారం చేసింది. కోవిడ్ కాలంలో కష్టపడినవాళ్లకు కృతజ్ఞతగా ఒక కొత్త సెలవు ఇవ్వాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు, 2022 జనవరిలో ఆమె పేరు ఖాయమైంది.

సెలవు కొత్తదే కానీ భక్తి చాలా పాతది. అయితే ఆ భక్తి చర్చి గోడల మధ్య పెరిగింది కాదు. బావి దగ్గర, కొండ మీద, రాళ్ల చుట్టూ చెప్పులు లేకుండా నడిచిన మామూలు జనం దగ్గర పెరిగింది. దాన్ని ఆపాలని చూసిన వాళ్లలో పరాయి పాలకులే కాదు, సొంత బిషప్పులూ ఉన్నారు.

ఐర్లండ్‌కు పాలక పునీతులు ముగ్గురు: పాట్రిక్, బ్రిజిడ్, కొలంబా. ఐరిష్ భాషలో కొలంబాను కొలమ్‌కిల్ అంటారు. ముగ్గురిలో సొంత రాత మిగిలింది పాట్రిక్‌దే. రోమన్ల కాలపు బ్రిటన్‌లో పుట్టి, పదహారేళ్ల వయసులో దొంగల చేతికి చిక్కి, ఐర్లండ్‌లో ఆరేళ్లు బానిసగా పశువులు కాశానని లాటిన్‌లో రాసుకున్నాడు. తప్పించుకుపోయినవాడు తనను బానిసగా పెట్టుకున్న మనుషుల దగ్గరికే సువార్తతో తిరిగి వచ్చాడు. ఇది 5వ శతాబ్దపు సంగతి. కొలంబా డొనెగాల్ ప్రాంతపు రాజవంశంలో పుట్టాడు. 563లో సముద్రం దాటి స్కాట్లండ్ పడమటి తీరంలోని అయోనా దీవిలో మఠం పెట్టి, 597లో అక్కడే కన్నుమూశాడు.

బ్రిజిడ్ సంగతి ఇంత తేలిక కాదు. కిల్డేర్‌లో స్త్రీలు, పురుషులు ఇద్దరూ ఉండే పెద్ద మఠాన్ని ఆమె స్థాపించిందని సంప్రదాయం. ఆమె చనిపోయిన వందేళ్ల పైచిలుకుకు, 7వ శతాబ్దంలో, కొగిటోసస్ అనే సన్యాసి ఆమె జీవితకథ రాశాడు. అదే పేరుతో కవుల దేవత ఒకరు ఉండేదని సుమారు 900 నాటి ఐరిష్ నిఘంటువు ఒకటి చెబుతోంది. ఫిబ్రవరి 1 కూడా క్రైస్తవానికి ముందునుంచీ వసంతం మొదలయ్యే రోజు, గొర్రెలు ఈనే కాలం. దేవతే పునీతురాలైందని కొందరు పండితులంటే, మఠం స్థాపించిన స్త్రీ నిజంగానే ఉందని మరికొందరంటారు. నా మటుకు రెండోది నమ్మదగిందే. కిల్డేర్ లాంటి మఠం వట్టి గాలిలోంచి పుట్టదు. ఆ స్త్రీ చుట్టూ పాత దేవత కథలు చేరడమూ సహజమే.

ఆ తొలి జీవితకథల వెనక పీఠాల (పెద్ద చర్చి కేంద్రాల) పోటీ కూడా ఉంది. ఐర్లండ్ చర్చిలన్నిటికీ తామే పెద్ద అని చెప్పుకోవడానికి ఆర్మా పీఠం పాట్రిక్ కథలు రాయించింది. దాదాపు అన్ని చర్చిలకూ కిల్డేరే తల అని కొగిటోసస్ రాశాడు. చివరికి ఆర్మా గెలిచింది. జనం మాత్రం ఎవరినీ వదులుకోలేదు. 1180ల్లో నార్మన్ దొర జాన్ డి కూర్సీ, ముగ్గురి అస్థికలూ డౌన్‌పాట్రిక్ అనే ఊళ్లో దొరికాయని ప్రకటించి ఒకే చోట సమాధి చేయించాడు. 1647లో బెల్జియంలోని లూవెన్‌లో తలదాచుకున్న ఐరిష్ ఫ్రాన్సిస్కన్ సన్యాసి జాన్ కోల్గన్ ముగ్గురి కథలనూ ఒకే గ్రంథంగా అచ్చు వేశాడు. సొంత దేశంలో కాథలిక్ మతం అణచివేతలో ఉన్నప్పుడు, ప్రవాసంలో ఉన్న సన్యాసులు ఇలా తమ పునీతులను కాపాడుకున్నారు.

ఊళ్లల్లో భక్తికి పుస్తకాలతో పనిలేదు. జనవరి 31 సాయంత్రం తుంగ కోసుకొచ్చి బ్రిజిడ్ శిలువ అల్లి గుమ్మం మీద కట్టేవారు. ఆ రాత్రి బ్రిజిడ్ దేశమంతా తిరుగుతుందని నమ్మకం. అందుకే ఒక గుడ్డ ముక్క బయట వేసి, తెల్లారాక తీసి దాచుకునేవారు. తలనొప్పి వస్తే నుదుటికి కట్టడానికీ, ఆవు ఈనలేక కష్టపడుతుంటే దాని మీద కప్పడానికీ అదే గుడ్డ. ఈ ఆచారాల గురించి 1942లో ఐరిష్ జానపద కమిషన్ ప్రశ్నావళి పంపితే దేశం నలుమూలల నుంచీ జవాబులు వచ్చాయి. చాలా ఇళ్లల్లో అప్పటికీ అవి నడుస్తూనే ఉన్నాయి.

ఐర్లండ్‌లో పవిత్ర బావులు సుమారు 3,000 ఉన్నాయని అంచనా. ఒక్కో బావి ఒక్కో పునీతుడిది, ఒక్కోదానికి ఒక్కో రోజు. ఆ రోజు జనం చెప్పులు విప్పి, ప్రార్థనలు లెక్కపెట్టుకుంటూ, సూర్యుడు తిరిగే దిక్కుగా ప్రదక్షిణలు చేసేవారు. నీళ్లు తాగి, కళ్లకు అద్దుకుని, పక్కన ఉన్న చెట్టుకు గుడ్డ పీలిక కట్టేవారు. లౌత్ కౌంటీ (జిల్లా) లోని ఫాహర్ట్‌లో బ్రిజిడ్ వాగు ఒడ్డున మోకాళ్లకు, నడుముకు, కళ్లకు, తలకు విడివిడిగా రాళ్లున్నాయి. ఏ నొప్పి ఉన్నవాళ్లు ఆ రాయికి ఆనుకుని ప్రార్థిస్తారు. క్లేర్ కౌంటీలోని లిస్కానర్ బావి గుహ నిండా చనిపోయినవాళ్ల ఫొటోలు, జపమాలలు, చేత్తో రాసిన ఉత్తరాలు.

వీటిపై నిషేధాల చరిత్ర పెద్దది. డొనెగాల్‌లోని లాక్ డెర్గ్ సరస్సు మధ్య దీవిలో పాట్రిక్ పేరుతో ఒక గుహ ఉండేది. అందులో రాత్రి గడిపితే ఉత్తరించు స్థలం (చనిపోయినవాళ్ల ఆత్మలు పాపాలు కడుక్కునే చోటు) కనబడుతుందని మధ్యయుగాల్లో యూరప్ అంతటా పేరు. 1497లో పోప్ ఆజ్ఞతో దాన్ని మూశారు. యాత్ర ఆగలేదు. 1632లో ఇంగ్లిష్ ప్రభుత్వం అక్కడి కట్టడాలను పడగొట్టించింది. అయినా జనం వెళ్లారు. 1704లో అమల్లోకి వచ్చిన చట్టం లాక్ డెర్గ్‌లోనూ, బావుల దగ్గరా గుమిగూడటాన్ని అల్లరి మూకల నేరంగా లెక్కగట్టింది. జరిమానా 10 షిల్లింగులు, కట్టలేకపోతే కొరడా దెబ్బలు. అక్కడ తినుబండారాలు, బీరు అమ్మేవాళ్లకు 20 షిల్లింగులు. ఆ చట్టం ఉండగానే వేలమంది వెళ్తూనే ఉన్నారు.

చట్టం చేయలేని పనిని 19వ శతాబ్దం చాలావరకు చేసింది. బావి దగ్గర పొద్దున ప్రార్థన అయితే, సాయంత్రం తిరునాళ్లే: వయొలిన్లు, నాట్యాలు, తాగుడు, ఊరి ముఠాల మధ్య కర్రల కొట్లాటలు. బిషప్పులకు ఇది తలవంపుగా అనిపించింది. చాలాచోట్ల వాళ్లే ఈ ఉత్సవాలను ఆపించారు. ఆ తర్వాత 1845లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టి మహాకరువు వచ్చింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు తక్కువ కాకుండా దేశం వదిలిపోయారు. ఎక్కువగా పోయింది పేదవాళ్లు, ఐరిష్ మాట్లాడే పడమటి జిల్లాలవాళ్లు. బావుల చుట్టూ తిరిగిన పాదాలు వాళ్లవే. ఏ ప్రదక్షిణకు ఏ ప్రార్థనో తెలిసిన ముసలివాళ్లు పోతే ఆ తెలివిడి కూడా వాళ్లతోనే పోయింది.

కరువు తగ్గుతుండగానే, 1850లో ఆర్చ్‌బిషప్ పాల్ కల్లెన్ థర్ల్స్ పట్టణంలో బిషప్పుల జాతీయ సభ జరిపాడు. బాప్టిజం, పెళ్లి వంటి సంస్కారాలు ఇళ్లల్లో కాదు, చర్చిలోనే జరగాలన్నారు. నవదిన ప్రార్థనలు, యేసు తిరుహృదయ భక్తి వంటి రోమ్ పద్ధతులు ఊరూరా వచ్చాయి. చరిత్రకారుడు ఎమెట్ లార్కిన్ 1972లో దీన్ని ‘భక్తి విప్లవం’ అన్నాడు. ఆదివారం పూజకు వెళ్లేవాళ్లు బాగా పెరిగారు, బావి దారుల్లో గడ్డి మొలిచింది. ఐరిష్ గురువులు (ఫాదర్లు) ప్రపంచమంతా తిరిగిన శతాబ్దం కూడా అదే. మన సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ చర్చిని కట్టించిన డేనియల్ మర్ఫీ ఐర్లండ్‌వాడే. అలా వెళ్లినవాళ్లు చర్చినీ, స్కూలునీ తీసుకెళ్లగలిగారు. బావిని ఎవరు తీసుకెళ్లగలరు?

అన్ని దెబ్బలు తిన్నా కొన్ని నిలిచాయి. మేయో కౌంటీలో 764 మీటర్ల క్రోక్ పాట్రిక్ కొండను జూలై చివరి ఆదివారం వేలమంది ఎక్కుతారు. రాళ్లు జారే ఆ దారిలో కొందరు ఇప్పటికీ వట్టి కాళ్లతో వెళ్తారు. డొనెగాల్‌లోని గ్లెన్‌కొలమ్‌కిల్‌లో జూన్ 9న కొలంబా పేరుతో 15 మజిలీల నడక ఉంది. లాక్ డెర్గ్‌లో జూన్ నుంచి ఆగస్టు నడిమి దాకా మూడు రోజుల దీక్ష. దీవిలో అడుగుపెట్టగానే చెప్పులు విప్పాలి. మొదటి రాత్రి నిద్ర లేదు. రోజుకు ఒక్క పూట, పాలు లేని టీ, వెన్న లేని రొట్టె. పాత మఠం గదుల పునాదుల చుట్టూ, రాళ్ల మీద తిరుగుతూ ప్రార్థనలు చెప్పాలి. ఆ రాళ్ల వలయాల్లో ఒకటి పాట్రిక్‌ది, ఒకటి బ్రిజిడ్‌ది, ఒకటి కొలంబాది.

కిల్డేర్‌లో బ్రిజిడ్ పేరిట మఠకన్యలు ఆరనివ్వకుండా కాపాడే మంట ఉండేదని 12వ శతాబ్దంలో గెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే రచయిత రాశాడు. తర్వాత శతాబ్దాల్లో ఆ మంట ఆరిపోయింది. బ్రిజిడ్ పేరుతో ఉన్న సన్యాసినుల సంఘం, బ్రిజిడైన్ సిస్టర్లు, 1993లో మళ్లీ వెలిగించారు. 2024 జనవరిలో, ఆమె మరణానికి 1,500 ఏళ్లయిన సందర్భంగా, ఆమెదని చెప్పే అస్థిక ఒకటి తిరిగి కిల్డేర్ చేరింది.

ఇదంతా జరుగుతున్నది చర్చి బలహీనపడిన కాలంలోనే. పిల్లలపై జరిగిన లైంగిక దాడులు, సన్యాసినులు నడిపిన, స్త్రీలను నిర్బంధించి చాకిరీ చేయించిన మాగ్దలీన్ లాండ్రీల్లో వాళ్లు పడిన బాధలు బయటపడ్డాక జనం నమ్మకం విరిగింది. కాథలిక్కులమని చెప్పుకున్నవాళ్లు 2016 జనగణనలో 79 శాతం, 2022లో 69 శాతం. అలాంటి దేశం ఒక పునీతురాలి పేరుతో సెలవు పెట్టుకుంది. చాలామంది ఆమెలో పీఠాధిపతుల చర్చిని చూడలేదు. అమ్మమ్మ అల్లిన తుంగ శిలువనూ, కొందరైతే పాత దేవతనూ చూశారు. ఇందులో తప్పేమీ లేదని నా అభిప్రాయం, ఆమె భక్తి ఎప్పుడూ ఇంట్లోనూ పొలంలోనూ ఉన్నదే. నా బెంగల్లా బావుల గురించే. పొలాల చదునులో, రోడ్ల విస్తరణలో పూడిపోయినవి ఎన్నో. మిగిలినవాటిలో చాలావాటికి పక్క ఇంటివాళ్లే కాపలా. ఏటా పండుగకు ముందు పాచి తీసి, దారి నరికి, రాళ్లు సర్దేది వాళ్లే. సెలవు ఇచ్చిన ప్రభుత్వం ఆ పనికి కూడా డబ్బు, మనుషులు ఇవ్వాలి.