"ఎన్ని రోజులాగితే దొరకదు?": పందెపు గుర్రాల డోపింగ్ పరీక్షపై అపోహలు, వాస్తవాలు

గుర్రాల డోపింగ్ పరీక్ష చేసే మా ల్యాబ్‌లో ఫోన్ మోగిందంటే సగంసార్లు ఇదే ప్రశ్న: "సార్, ఈ మందు ఎన్ని రోజుల్లో పోతుంది?" అడిగేవాళ్ళలో ఎక్కువమంది మోసగాళ్ళు కారు. గుర్రానికి దగ్గొస్తే మందు వాడారు, పందెం తేదీ దగ్గరపడింది, ఇక నిద్ర పట్టడం లేదు. ఎవరో చెప్పిన రోజుల లెక్కను నమ్మి మునిగేది ఎక్కువగా వీళ్ళే.

అపోహ: మందుల చార్టులో 10 రోజులని ఉంది కాబట్టి 11వ రోజు పరుగెత్తించొచ్చు.

చార్టులో ఉండేది డిటెక్షన్ టైమ్. కొద్దిపాటి గుర్రాలకు (చాలాసార్లు అరడజను కూడా ఉండవు) ఒకే మందును ఒకే మోతాదులో, ఒకే మార్గంలో ఇచ్చి, అన్నిటి శాంపిళ్ళూ స్క్రీనింగ్ లిమిట్ (తొలి పరీక్షలో అనుమానించే హద్దు) కిందికి దిగింది ఎప్పుడో చూసి రాసిన అంకె అది. మీ గుర్రం ఆ గుంపులో లేదు. దాని కాలేయం వేరు, మూత్రం పీహెచ్ (ఆమ్లమా క్షారమా అనే కొలత) వేరు, మీరిచ్చిన డోసూ వేరే కావచ్చు. మీరు ఆగాల్సింది విత్‌డ్రాయల్ టైమ్. అది ఏ చార్టులోనూ దొరకదు. డిటెక్షన్ టైమ్‌కు తగినంత భద్రత కలిపి, మీ గుర్రాన్ని చూసిన వెటర్నరీ డాక్టరే చెప్పాలి. ఈ రెంటినీ ఒకటనుకోవడం వల్ల పోయినన్ని పందేలు, పడినన్ని సస్పెన్షన్లు ఇంకే పొరపాటు వల్లా లేవనిపిస్తుంది.

దీనికి తమ్ముడు లాంటి అపోహ ఇంకోటుంది: "సగం డోసే ఇచ్చాం, సగం రోజుల్లో పోతుంది." కాస్త కాగితం మీద వేసి చూడండి. గుర్రంలో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 18 గంటలనుకుందాం. రక్తంలో మిల్లీలీటరుకు 1000 నానోగ్రాములుంటే 1కి దిగడానికి పదిసార్లు సగమవ్వాలి, అంటే 180 గంటలు. సగం డోసిస్తే 500 దగ్గర మొదలవుతుంది, తొమ్మిదిసార్లు సగమైతే చాలు, 162 గంటలు. డోసు సగం చేసి మీరు సంపాదించింది 18 గంటలు. అదీ లెక్క నేరుగా సాగితేనే. చాలా మందులు కణజాలంలో నిలిచి, చివర్లో ఇంకా నెమ్మదిగా దిగుతాయి.

అపోహ: యాంటీబయాటిక్ ఇస్తే డోపింగ్ గొడవేముంటుంది?

ప్రొకైన్ పెన్సిలిన్ సీసా మీది మొదటి మాట చదవండి. పెన్సిలిన్ కండలోంచి నెమ్మదిగా రక్తంలోకి చేరాలని అందులో ప్రొకైన్ కలుపుతారు. నరాన్ని మొద్దుబార్చే ఆ ప్రొకైనే గుర్రం మెదడును రెచ్చగొడుతుంది, అందుకే అది నిషిద్ధం. ఇంజెక్షన్ చేసిన చోటు నుంచి వారాల తరబడి కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. పిరుదు కండలో చేస్తే మెడ కండలో కంటే నెమ్మదిగా కరుగుతుంది. రక్తంలో ఆనవాలు లేకపోయినా మూత్రంలో దొరకొచ్చు. పందెం దగ్గర్లో ఉంటే ప్రొకైన్ లేని పెన్సిలిన్ సాధ్యమా అని డాక్టర్ని ముందే అడగండి, సూది పడ్డాక కాదు.

అపోహ: మేమేమీ ఇవ్వలేదు కాబట్టి పాజిటివ్ రాదు.

వస్తుంది. మందు వాడిన గుర్రం గడ్డి మీద మూత్రం పోసి, మళ్ళీ ఆ గడ్డే తింటుంది. ఈ దారిలో ఒక మందు ఆపాక కూడా తిరిగి ఒంట్లోకి చేరుతుంది. సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) కాఫీ కప్పు, దాణా బకెట్‌లో కలిసిన కోకో పొట్టు, పొలంలో మొలిచిన ఉమ్మెత్త కూడా చాలు. కోకో గొడవ తెలిసే, అందులో ఉండే థియోబ్రోమిన్‌కు మూత్రంలో మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల అంతర్జాతీయ పరిమితి పెట్టారు. చేయాల్సింది పెద్దగా లేదు: వైద్యం ముగిశాక లాయం పూర్తిగా ఖాళీ చేసి గడ్డి మార్చండి. మందు కలిపిన బకెట్ వేరే ఉంచండి, దాని మీద గుర్తు రాయండి. సైసులు లాయంలో మూత్రం పోయకూడదు (చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి, వాళ్ళు వాడే మందులూ గడ్డిలోకి చేరతాయి). ప్రతి డోసూ తేదీ, గంట, మోతాదు, బ్యాచ్ నంబరుతో రాయండి. దాణా బస్తా తెరిచినప్పుడల్లా గుప్పెడు తీసి సీల్ చేసి ఉంచండి.

మిగతావి టూకీగా. మూత్రం ఎక్కువ పోయించే లేసిక్స్ ఇస్తే మందు కొట్టుకుపోతుందంటారు. నీళ్ళే ఎక్కువ పోతాయి, మూత్రం పలచనైతే ల్యాబ్‌కు స్పెసిఫిక్ గ్రావిటీలో (చిక్కదనం కొలతలో) తెలిసిపోతుంది, రక్తం చూస్తారు, పైగా లేసిక్స్ కూడా దొరుకుతుంది. మూలికలైతే దొరకవంటారు, ఎఫెడ్రా మొక్కలో ఎఫెడ్రిన్, గ్వారానా మొక్క గింజల్లో కెఫీన్ ఉంటాయి, మెషిన్‌కు మొక్కా మాత్రా తేడా తెలీదు. వెంట్రుక పరీక్ష నిన్నటి డోసును పట్టుకుంటుందనేదీ తప్పే. అది నెలల చరిత్ర చెబుతుందిగానీ పందెం రోజు సంగతి చెప్పదు.

మెషిన్‌లో ఒక గీత లేచిందని పాజిటివ్ రాసేస్తారన్న భయమూ చాలామందికి ఉంది. శాంపిల్‌ను ఏ, బీ అని రెండు సీసాల్లో ఉంచుతారు. స్క్రీనింగ్‌లో అనుమానం వస్తే ఏ-సీసా నుంచి కొత్తగా మళ్ళీ మూత్రం తీస్తాం. అందులోని మందును ఎంజైమ్‌తో విడగొట్టి, వడపోత లాంటి కార్ట్రిడ్జ్ మీద శుభ్రం చేసి, అణువుల బరువు చూసి మందును గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు పంపుతాం. అనుమానపు శాంపిల్‌కు ముందు ఏ మందూ లేని మూత్రం నడిపిస్తాం, ముందటి శాంపిల్ మిగులు అంటుకోలేదని రుజువుకు. రిటెన్షన్ టైమూ (మెషిన్ గొట్టంలోంచి మందు బయటికొచ్చే సమయం), అయాన్ల (మందు విరిగిన ముక్కల) నిష్పత్తులూ అసలు మందు స్టాండర్డ్‌తో సరిపోలాలి. ఏది ఎవరి గుర్రమో మాకు కనపడదు, నంబరే కనిపిస్తుంది.

ఆ నంబరు మీ చేతుల్లోనూ ఉంది. శాంపిల్ తీసే చోట సంతకం పెట్టేముందు ఏ, బీ సీసాల మీదా కాగితం మీదా ఒకే నంబరుందా, సీల్ బిగుసుకుందా, మూత కారుతోందా చూడండి. తేడా కనిపిస్తే అక్కడే ఫారం మీద రాయించండి.