మూడో క్రోమోజోము, ముందుగా వచ్చే మతిమరుపు

కోనసీమ పల్లెల్లో డౌన్ సిండ్రోమ్‌తో బిడ్డ పుడితే నింద ఇప్పటికీ ముందు మేనరికం మీదికి, తర్వాత తల్లి మీదికి పోతుంది. ఈ పిల్లల కణాల్లో 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటుందని 1959లోనే పారిస్ పరిశోధకులు తేల్చారు. చాలావరకు అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సరిగా విడిపోకపోవడం వల్ల ఇలా జరుగుతుంది. దీనికీ రక్తసంబంధపు పెళ్లికీ ముడిపెట్టడం సరికాదు.

అదనంగా ఉన్న ఆ మూడో ప్రతే నడివయసులో అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బుకు దారి తీస్తుందన్న సంగతి మాత్రం ఇక్కడ చర్చకే రాదు. ఒకప్పుడు వీరిలో ఆ వయసు చూసేవారే తక్కువ. అమెరికాలో సైతం 1983లో మరణించినవారి మధ్యస్థ వయసు 25 ఏళ్లు. 1997 నాటికి అది 49కి పెరిగింది.

1984లో గ్లెనర్, వాంగ్ అనే శాస్త్రవేత్తలు అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే అమిలాయిడ్ ప్రొటీనే డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలోనూ ఉందని గుర్తించి, దాని జన్యువు 21వ క్రోమోజోము మీదే ఉండాలని ఊహించారు. 1987లో ఆ ప్రొటీన్‌కు మూలమైన ఏపీపీ జన్యువు అక్కడే దొరికింది. అసలైన రుజువు 1998లో వచ్చింది: 21వ క్రోమోజోములో కొంత భాగమే అదనంగా ఉండి, ఏపీపీ మాత్రం రెండు ప్రతులే ఉన్న ఒక డౌన్ సిండ్రోమ్ మహిళ 78 ఏళ్లు బతికినా ఆమెకు అల్జీమర్స్ రాలేదు. డౌన్ సిండ్రోమ్ లేకుండా ఏపీపీ ఒక్కటే అదనంగా ఉన్న కుటుంబాల్లో చిన్న వయసులోనే ఆ జబ్బు వస్తోందని 2006లో తేలడంతో సందేహం తీరింది.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో నలభై ఏళ్లకే దాదాపు అందరి మెదడులోనూ అల్జీమర్స్ మార్పులు కనిపించినా, లక్షణాలు సగటున యాభై దాటాక బయటపడతాయి. మనిషికీ మనిషికీ తేడా చాలా ఉంటుంది. 19వ క్రోమోజోము మీది ఏపీఓఈ జన్యువులో ఈ4 రకం ఉంటే జబ్బు మరికాస్త ముందుకు జరుగుతుంది.

ఏళ్ల తరబడి కాలువ గట్టు వెంట వెళ్లి పాలు పోసి వచ్చే డౌన్ సిండ్రోమ్ మనిషి ఒకరోజు లాకుల దగ్గర దారి తెలియక నిలబడిపోతే, ఇంట్లోవాళ్లు "వాడంతేలే" అనుకుంటారు. ఆ మాటే ప్రమాదం. థైరాయిడ్ లోపం, నిద్రలో ఊపిరి ఆగడం, శుక్లాలు, వినికిడి తగ్గడం కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి, వాటికి చికిత్స ఉంది. ఆరోగ్యశ్రీ మొదలైన 2007 తర్వాత పుట్టుకతో వచ్చిన గుండె లోపాలకు ఆపరేషన్లు చేయించుకున్న డౌన్ సిండ్రోమ్ చిన్నారులు నలభై ఏళ్లకు చేరడానికి ఇంకా వ్యవధి ఉంది. ఈలోగా ఎవరు ఏ పని సొంతంగా చేసుకోగలరో రాసిపెట్టుకుంటే, రేపు మార్పు వచ్చినప్పుడు డాక్టరుకు పోల్చి చూసే ఆధారం దొరుకుతుంది.