గుండె మచ్చను కండగా మార్చే ఇంజక్షన్ వచ్చిందా? (అపోహలు - వాస్తవాలు)

గుండెపోటు వచ్చిన చోట మళ్లీ కండ మొలిపించే ఇంజక్షన్ వచ్చిందట కదా అని అడిగేవారు లేకుండా నా ఓపీలో వారం గడవదు. నిరుడు ఒక పెద్దాయన కుమారుడు ఎకో రిపోర్టుతో పాటు ఆ ఇంజక్షన్‌కు ఒక ప్రైవేటు కేంద్రం రాసిచ్చిన ఖర్చు కాగితాన్ని కూడా నా బల్లపై పెట్టాడు. పంపింగ్ (గుండె ప్రతిసారీ బయటకు నెట్టే రక్తం వాటా) 30 శాతం ఉంది. అర ఎకరం బేరానికి పెట్టామని చెప్పాడు. ఇంజక్షన్ ఎలాగూ చేయిస్తున్నాం కదా అని నెల రోజులుగా మాత్రలు కూడా మానిపించారు; నీరు చేరిన పెద్దాయన పాదాన్ని నొక్కి చూస్తే వేలి గుంట పడి అలాగే నిలిచింది.

అపోహ: పరిశోధకులు సాధించినదీ, ఇలాంటి ప్రైవేటు కేంద్రాలు అమ్ముతున్నదీ ఒకటే.

వాస్తవం: కానే కాదు. చనిపోయిన కండ స్థానంలో ఫైబ్రోబ్లాస్టులు అనే కణాలు చేరి మచ్చ కడతాయి. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టన్ సంస్థలో మసాకి ఇయెడా, దీపక్ శ్రీవాస్తవల బృందం గాటా4, మెఫ్2సి, టీబీఎక్స్5 అనే మూడు జన్యువులను ఎలుక ఫైబ్రోబ్లాస్టుల్లోకి పంపి, ఇతర రకాల కణాలుగా మారగల మూలకణ దశకు తీసుకుపోకుండానే, వాటిని గుండె కండర కణాల వంటివిగా మార్చింది. 2012లో బతికున్న ఎలుకల గుండెలోనే ఈ మార్పు సాధ్యమైంది. అయితే ‘వంటివి’ అన్న మాటను వార్తలు రాసేవారు మింగేస్తారు. ప్రయోగశాలలో మారిన కణాల్లో సొంతంగా కొట్టుకునేవి కొన్నే. మనిషి కణాలకైతే ఆ మూడు జన్యువులూ చాలలేదు. కొత్త కణాలు పక్క కణాలతో లయ కలపకపోతే గుండె గతి తప్పే ప్రమాదమూ ఉంది. ఈ పద్ధతికి ఏ దేశంలోనూ చికిత్సగా అనుమతి లేదు. ఆ కేంద్రాలు సాధారణంగా ఎక్కించేవి ఎముక మజ్జ నుంచో, కొవ్వు నుంచో తీసిన కణాలు. అవి గుండె కండగా మారవు. అనుమతి పొందిన పరిశోధనలో తప్ప గుండెజబ్బుకు మూలకణాలు ఇవ్వరాదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

అపోహ: గుండెలో కొత్త కండర కణాలు అసలు పుట్టవు.

వాస్తవం: పుడతాయి, కానీ 25 ఏళ్ల వయసులో ఏడాదికి సుమారు 1 శాతం, 75 వచ్చేసరికి అందులో సగానికీ తక్కువ. గుండెలోనే మూలకణాలున్నాయన్న వాదాన్ని నమ్మినవారు, ఆ వాదాన్ని ముందుకు తెచ్చిన పియెరో ఆన్వెర్సా ప్రయోగశాల వ్యాసాలు 31 ఉపసంహరించుకోవాలని 2018లో హార్వర్డ్ కోరిన సంగతి కూడా తెలుసుకోవాలి.

పెద్దాయనకు ఆ రోజే మాత్రలు మళ్లీ మొదలుపెట్టాం. అయిదు నెలల తర్వాతి ఎకోలో మచ్చ ఉన్నచోటే ఉంది. మిగిలిన కండ కోలుకోవడం వల్ల పంపింగ్ 38కి చేరింది. పొలం అమ్మలేదని కుమారుడు చెప్పాడు.