వైరల్ లోడ్ అదుపులోకి వచ్చాక: హెచ్‌ఐవీతో రోజువారీ ఆరోగ్యంపై అపోహలు - వాస్తవాలు

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి వైద్యం చేసే నాకు, పరీక్ష ఫలితం తెలిసిన తొలి రోజు కనిపించే భయం కన్నా, మందులు మొదలై రెండు మూడేళ్లు గడిచి అంతా కుదుటపడిందనుకున్న తరువాత మనసులో పాతుకుపోయే నమ్మకాలే ఎక్కువ ఆందోళన కలిగిస్తాయి. భయపడేవారు ప్రశ్నలు అడుగుతారు కాబట్టి వారికి సమాధానం దొరుకుతుంది. కుదుటపడినవారు అడగరు. అందుకే ఆ దశలో నేను తరచూ వినే అపోహలనే ఇక్కడ తీసుకున్నాను.

అపోహ: వైరల్ లోడ్ (రక్తంలోని వైరస్ పరిమాణం) కనిపించడం లేదంటే వైరస్ పోయినట్టే, మందులకు కొంతకాలం విరామం ఇవ్వవచ్చు.

వాస్తవం: ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అణచి ఉంచే మందులు, వైరస్ వృద్ధిని ఆపుతాయే తప్ప, ఎక్కువకాలం బతికే కొన్ని రోగనిరోధక కణాల జన్యుపదార్థంలో కలిసిపోయి నిద్రాణంగా ఉన్న వైరస్‌ను తొలగించలేవు. మందులు ఆపిన చాలామందిలో కొద్ది వారాల్లోనే అది రక్తంలో మళ్లీ కనిపిస్తుంది. సీడీ4 సంఖ్య (హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాల లెక్క) బాగున్నంతకాలం మందులు ఆపి, తగ్గినప్పుడు తిరిగి మొదలుపెడితే దుష్ఫలితాల బాధ తగ్గుతుందేమోనని ఒకప్పుడు వైద్యులే ఆశించారు. దీన్ని పరీక్షించిన స్మార్ట్ అధ్యయనం ఫలితాలు 2006లో వెలువడినప్పుడు, విరామం ఇచ్చినవారిలో ఇన్ఫెక్షన్లు, మరణాలే కాక గుండె, మూత్రపిండాలు, కాలేయానికి సంబంధించిన తీవ్రమైన జబ్బులు కూడా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. హెపటైటిస్ బి కూడా ఉన్నవారికి మరో ప్రమాదం ఉంది. టెనోఫోవిర్, లామివుడిన్ వంటి ఏఆర్‌టీ మందులు ఆ వైరస్‌ను కూడా అణచి ఉంచుతాయి కాబట్టి, వాటిని ఒక్కసారిగా ఆపితే కాలేయ వ్యాధి తీవ్రంగా తిరగబెట్టవచ్చు.

ఎప్పుడో ఒక పూట మరిచిపోవడం వేరే విషయం. గుర్తొచ్చిన వెంటనే ఆ మాత్ర వేసుకోవాలి. తరువాతి మాత్ర వేళ దగ్గరపడి ఉంటే దాన్ని మాత్రమే వేసుకోవాలి, రెండూ కలిపి వేసుకోకూడదు.

అపోహ: బలానికి, కడుపు మంటకు వాడే చిన్నచిన్న మందులకూ మూలికలకూ ఏఆర్‌టీతో సంబంధం లేదు.

వాస్తవం: మంచి మందు వాడుతూ కూడా వైరల్ లోడ్ ఎందుకు పెరిగిందో అర్థం కానప్పుడు నేను మొదట అడిగేది దీని గురించే. ఇప్పుడు విస్తృతంగా వాడుతున్న డోల్యుటెగ్రావిర్ అనే ఏఆర్‌టీ మందు, అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లతో కలిస్తే కడుపులోనే వాటికి అతుక్కుపోయి రక్తంలోకి సరిగా చేరదు. కాబట్టి ఈ మాత్రను యాంటాసిడ్‌కు 2 గంటల ముందు గాని, 6 గంటల తరువాత గాని వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ మాత్రలకూ ఇదే ఎడం పాటించాలి, అయితే భోజనంతో పాటు వేసుకునేటట్లయితే వాటిని కలిపి వాడవచ్చు. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ స్థాయిని డోల్యుటెగ్రావిర్ పెంచుతుంది కాబట్టి దాని మోతాదును వైద్యులు మళ్లీ చూడవలసి ఉంటుంది. రిటోనావిర్ ఉన్న ఏఆర్‌టీ మందులు వాడేవారిలో ఆస్తమాకు పీల్చే కొన్ని స్టెరాయిడ్లు, ముఖ్యంగా ఫ్లుటికాసోన్, శరీరంలో పేరుకుపోతాయి. దిగులు తగ్గడానికి కొందరు సొంతంగా వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక అనేక ఏఆర్‌టీ మందుల స్థాయిని తగ్గిస్తుంది. ఇవన్నీ రోగులకు వాటంతట అవే తెలియాలని ఆశించడం న్యాయం కాదు. అడిగి తెలుసుకోవలసిన బాధ్యత ప్రధానంగా వైద్యులదే. అయినా ఏ వైద్యుని దగ్గరకు వెళ్లినా మీరు వాడే ప్రతి మందు పేరూ రాసి తీసుకెళ్లమని కోరుతున్నాను.

అపోహ: వైరస్ కనిపించని స్థాయిలో ఉన్నా భాగస్వామికి సోకే ప్రమాదం ఎంతో కొంత ఉంటుంది.

వాస్తవం: లైంగిక సంపర్కం ద్వారా సోకదు. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని జంటలపై జరిగిన పార్ట్‌నర్ అధ్యయనాలలో, 2016లోనూ 2019లోనూ, వైరస్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికీ సోకలేదు. ఇతర సుఖవ్యాధుల నుంచి మాత్రం ఈ మందులు కాపాడవు, వాటికి కండోమ్ అవసరమే.

అపోహ: సీడీ4 సంఖ్య బాగుంది కాబట్టి వేరే పరీక్షలతో పని లేదు.

వాస్తవం: వైరస్ అణిగి ఉన్నా శరీరంలో స్వల్పస్థాయి ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు ప్రక్రియ) కొనసాగడం వల్ల గుండెజబ్బుల ముప్పు ఇతరుల కన్నా ఎక్కువగా ఉంటుంది. 40 నుంచి 75 ఏళ్ల మధ్య వయసువారిపై జరిగిన రిప్రీవ్ అధ్యయనంలో పిటావాస్టాటిన్ అనే మాత్ర గుండెపోటు, పక్షవాతం వంటి ఘటనలను 35 శాతం తగ్గించిందని 2023లో తేలింది. కాబట్టి రక్తపోటు, కొలెస్ట్రాల్, రక్తంలో చక్కెర చూపించుకోవడం కూడా హెచ్‌ఐవీ చికిత్సలో భాగమే. హెచ్‌ఐవీ ఉన్న మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ కనుక, 25 ఏళ్ల నుంచే ఆ పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది.

పొగతాగడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. డెన్మార్క్‌లో మంచి చికిత్స అందుతున్నవారిపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, హెచ్‌ఐవీ వల్ల కోల్పోయిన ఆయుష్షు సుమారు 5 ఏళ్లయితే, పొగ వల్ల కోల్పోయినది 12 ఏళ్లకు పైగా ఉంది. రోజూ వేళ తప్పకుండా మాత్ర వేసుకునే మనిషి పొగ మానలేకపోతే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే దానికి కూడా మందులు, కౌన్సెలింగ్ ఉన్నాయి.

అపోహ: ఈ జబ్బు ఉన్నప్పుడు దిగులు, నిద్రలేమి మామూలే, భరించాలి.

వాస్తవం: కుంగుబాటు హెచ్‌ఐవీలో తప్పనిసరి భాగం కాదు, చికిత్స ఉన్న వేరే జబ్బు. చికిత్స లేకపోతే మాత్రలు మానేయడానికి దారితీసే కారణాల్లో అదొకటి. పీడకలలు, నిద్ర చెదరడం ఎఫవిరెంజ్ అనే ఏఆర్‌టీ మందు వల్ల రావచ్చు, కొందరిలో డోల్యుటెగ్రావిర్ కూడా నిద్రను చెడగొడుతుంది. మందును మార్చడమో, వేసుకునే వేళను ఉదయానికి మార్చడమో వీలవుతుంది. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దేనిపైనా ఆసక్తి లేకపోయినా, వైద్యులు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి. మీ వైరల్ లోడ్ అంకె పక్కన నేను రాసుకోవలసిన విషయమే అది.